బాబెలు కథలో పేర్లు వెతకమన్న టీచరమ్మ

ఆ పొద్దున ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు నా లారీలు లోడు కోసం వరుసలో నిలబడి ఉన్నాయి. నందికొట్కూరు నుంచి నా చిన్ననాటి స్నేహితుడు ఫోన్ చేశాడు. బస్టాండు దగ్గర టీ హోటలు నడుపుతాడు. ఊళ్ళో ఏ సంగతైనా ముందు వాడికే తెలుస్తుంది.

"యాడుండావప్పా?"

"ఎర్రగుంట్లలో. ఏమైంది?"

"టీచరమ్మ పోయిందప్పా. తెల్లారి లేసి, కాఫీ తాగి, కుర్చీలో కూచున్యాదంట. అంతే."

డ్రైవర్లకు పని అప్పజెప్పి బయల్దేరాను. దారిలో ఆగినప్పుడు ఫోన్ చూస్తే చర్చి గ్రూపులో సంతాపం పెట్టారు. 'శ్రద్ధాంజలి'లో ఒత్తు తప్పు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వొచ్చింది. ఆమె ఉండుంటే ఆ తప్పును వదిలేవారు కాదు. పెళ్ళిపిలుపుకు వచ్చినవాళ్ళ ముందే పత్రికను ఎర్ర పెన్నుతో దిద్ది చేతికిచ్చిన మనిషి ఆమె.

ఆమెను ఎరగని మీకు కొంచెం చెప్పాలి. వేరుశనగ పీకే కూలికి పోయే ఇంట్లో పుట్టి, మా పేటలో మొదట ఉద్యోగం చేసిన ఆడమనిషి ఆమె. మా హైస్కూల్లో తెలుగు చెప్పారు. గంజి పెట్టిన నూలుచీర కట్టి నిటారుగా నడిచొస్తుంటే, అరుగుల మీద కూర్చున్న పెద్దరైతులు కూడా కాళ్ళు కిందికి దించేవారు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం ఆరాధన ముగియగానే చర్చి వరండాలో మా చేత బైబిలు చదివించేవారు. "పాస్టరుగారు మీకు వాక్యం చెప్తారు. ఆ వాక్యాన్ని ఎట్ల రాసినారో నేను చెప్తా" అనేవారు. అందుకే అక్కడికి చర్చికి రానివాళ్ళు కూడా వచ్చేవారు. నా టీ హోటలు స్నేహితుడు నమాజు తప్పనివాడు, అయినా వరండా చివర కూర్చుని వినేవాడు.

"రాళ్ళ మీద ఏ రాజైనా తన గెలుపులే చెక్కించుకుంటాడు" అనేవారామె. "ఈ పుస్తకాన్ని చూడండి. తన రాజు చేసిన పాడుపనిని తానే రాసిపెట్టుకుండాది. ఇది గొప్పోళ్ళ గొప్పలు చెప్పే పుస్తకం గాదు నాయనా. గొప్పోళ్ళు యాడ బోర్లా పడినారో చెప్పే పుస్తకం."

ఆ మాటలు వింటూ తలాడించినవాణ్ణే నేనూ. అవి నా గురించేనని మాత్రం తోచలేదు.

చర్చికి కొత్త గోపురం కట్టాలన్నప్పుడు ఖర్చులో పెద్ద భాగం నేనే పెట్టుకున్నాను. ముఖద్వారం పక్కన నిలబెట్టడానికి నల్లటి కడప బండ మీద మా నాయన పేరు, నా పేరు బంగారు రంగుతో చెక్కించి, ఆ ఫోటో ఆమెకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "'జ్ఞాపకార్థం'లో థకు పొట్టలో చుక్క లేదు" అని ఫోన్ తిరిగిచ్చేశారు.

ఆ ఆదివారం బాబెలు గోపురం కథ నా చేతనే చదివించారు. ఆకాశమంత ఎత్తున కట్టి పేరు తెచ్చుకోవాలనుకున్న జనం కథ అది.

"పేరు కోసమే గదా కట్టింది. వాళ్ళ పేర్లు యాడుండాయో వెతుకు నాయనా."

రెండుసార్లు వెతికాను. దానికి ముందు పేజీ నిండా పేర్లే, తర్వాతా పేర్లే. ఆ కథలో మాత్రం కట్టినవాడి పేరు ఒక్కటీ లేదు.

"లేవు టీచరమ్మా."

"రాసినోనికి పేర్లు తెలీక గాదు" అన్నారు. అంతే. నావైపు చూడను కూడా లేదు.

నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం వాళ్ళింటికి పోయి అడిగేశాను. "మా నాయన పెద్దిళ్ళ వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచినోడు. ఆయన పేరు రాయి మీద ఉంటే తప్పా?"

ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగారు.

"తప్పు గాదు నాయనా. ఆయన పేరుంటే నాకూ శానా సంతోషం. తలెత్తుకునేది వేరు, నెత్తికెక్కేది వేరు. ఆ రాయి మీద మీ నాయన పేరు ఎంత ఉండాది, నీ పేరు ఎంత ఉండాది?"

నా పేరు రెండింతలు పెద్దది. చెక్కించిన నాకు తెలియదా? గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. వారం తర్వాత మేస్త్రీని పిలిచి, ఆ బండను తిరగేసి చర్చి ముందర మెట్టుగా వేయించాను. మొదటి ఆదివారం దాని మీద కాలు పెట్టడానికి నాకు మనసు రాలేదు. ఇప్పుడు చెప్పులు విడిచేది అక్కడే.

ఆమె మాకు మాత్రమే చెప్పి ఊరుకునే మనిషయితే ఇది రాయకపోదును. ఒక ఆదివారం యోనా కథ చెబుతున్నారు. ఊరంతా బతికిపోయిందని అలిగి కూర్చున్న ప్రవక్త కథ. కూరగాయలమ్మే ఒకామె, అక్షరం రాదు, మధ్యలో అడిగింది.

"అంతమంది బతికిరి గదా టీచరమ్మా, ఆయప్పకు కోపమెందుకు?"

"చెప్పేది విను. కూచో" అని కసిరారు టీచరమ్మ.

తర్వాతి వారం పుస్తకం తెరవకముందే లేచి నిలబడ్డారు. "యోనా పుస్తకం ప్రశ్నతో ముగుస్తాది. దేవుడు అడిగిన ప్రశ్న అది. పోయిన వారం ఈమె అడిగింది కూడా అదే. జీవితమంతా పిల్లోళ్ళకు ప్రశ్నలడగను నేర్పి, ప్రశ్న అడిగినామెను కూచోమన్నాను. తప్పు నాది." ఆ కూరగాయలామెకు అందరి ముందూ చేతులు జోడించారు. ఆమె కంగారుపడి "అయ్యో, యాంది టీచరమ్మా ఇది" అని ఆ చేతులు పట్టుకుంది.

నేను టీచరమ్మ శిష్యుణ్ణని ఆ రోజు గర్వపడినట్టు ఎప్పుడూ పడలేదు.

సమాధుల తోటకు పెట్టెను మేమే మోశాం. ఆమె తమ్ముడి కొడుకు, ఆమె దగ్గర చదువుకున్న ఒక పెద్దరైతు కొడుకు, నేను, నా టీ హోటలు స్నేహితుడు. మేం ముగ్గురం పొడుగు. వాడు పొట్టి. నాలుగడుగులు వేయగానే పెట్టె వాడివైపు ఒరిగింది.

"టీచరమ్మ పక్కకు జరుగుతాందప్పా" అన్నాడు వాడు, ఏడుస్తూ.

పొడుగు వాళ్ళం ముగ్గురం మోకాళ్ళు కొంచెం వంచాం. పెట్టె సమంగా నిలిచింది. ఎర్రమట్టి దారి వెంట చివరిదాకా అలాగే వంగి నడిచాం.