హనుమంతు పేర్చిన రాళ్లు

గురప్ప కుడిచెయ్యి మోచేతి దాకా ఎండ్రకాయ బొక్కలో ఉంది. చెంప కట్టకు ఆనించి, కళ్లు మూసుకుని, లోపలి దారిని వేళ్లతో వెతుకుతున్నాడు. బొక్క కిందికి తిరిగితే కట్టకు చేటు, తడి తగిలితే ఇంకా చేటు. వేళ్లకు పొడిమట్టే తగిలింది. చెయ్యి బయటికి లాగి, భార్య అక్కయమ్మ పిసికిచ్చిన బంకమట్టి ముద్దను లోపలికి తోసి కర్రతో కుక్కాడు.

ఆనేకల్ దాటాక శ్రీనివాసప్ప తోటలో ఉన్న చిన్న డ్యామ్ అది. వాగుకు అడ్డంగా మట్టికట్ట, నీళ్ల మీద తొక్కుడు పడవలు. సెలవురోజుల్లో బెంగళూరు నుంచి పిల్లలతో కార్లు వస్తాయి. కట్ట దిగువన తోట కూలీల షెడ్లున్నాయి. ఆ కట్ట పోసింది గురప్పే. వాళ్లు వడ్డెవాళ్లు. మట్టిపని, రాతిపని తాతలనాటి నుంచి వాళ్ల బతుకు.

పోయిన వానాకాలంలో కట్ట వెనకవైపు అడుగున మట్టి జారింది. గురప్ప అప్పుడు కామెర్లతో మంచాన పడి ఉన్నాడు. శ్రీనివాసప్ప ఆగలేక, ఆదోని నుంచి వలస వచ్చిన హనుమంతును పిలిపించాడు. హనుమంతు సిమెంటు ముట్టకుండా ఉత్త రాళ్లు పేర్చి, జారినచోటు నిలబెట్టి పోయాడు. రాయికీ రాయికీ మధ్య చాకుమొన దూరదు. వచ్చినవాళ్లు ఆ రాళ్ల ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. గడ్డి మొలిచిన గురప్ప కట్ట వాళ్ల కంటికి ఒట్టి మట్టిదిబ్బ. తను కన్నబిడ్డకు ఎవడో వచ్చి చొక్కా తొడిగితే ఊరంతా చొక్కానే మెచ్చుకున్నట్టు ఉండేది అతనికి.

"ఏమన్నా అనుకో, చెయ్యి తిరిగినోడప్పా ఆ హనుమంతు," అంది అక్కయమ్మ, మట్టి పిసుకుతూ.

"నీ చెయ్యి తిరగనీ ముందు. ముద్ద గట్టిగా ఉండాది."

"ముద్ద మెత్తగానే ఉండాది. నీ కడుపే కుతకుత ఉడుకుతాండాది."

గురప్ప లేచి కట్ట వెనకవైపు దిగాడు. రాళ్ల పొడవునా నడుస్తూ, గడ్డపారతో అక్కడక్కడా పొడుస్తూ, తప్పు కోసం వెతికాడు. చివరికి రాళ్ల కింద తడి కనిపించింది. లోపల ఏదో పూలు పూసినట్టయింది అతనికి.

ఊట తేటగా ఉంటే భయం లేదు. మట్టిరంగు ఉంటే కట్ట లోపల్నుంచి కరిగిపోతున్నట్టు. అందుకే ఆ నీళ్లు సీసాలో పట్టి చూస్తారు. పట్టేముందు ఆ చోట కాలు పెట్టకూడదు, ఊట తేరేదాకా దూరంగా కూర్చోవాలి. ఇది తండ్రి నేర్పిన పద్ధతి. గురప్ప ఎందరికో నేర్పాడు కూడా. ఆ రోజు మాత్రం కూర్చోలేదు. తను తొక్కి, పొడిచి కలిపిన బురదలోనే సీసా ముంచి, పరుగున శ్రీనివాసప్ప దగ్గరికి పోయాడు.

"చూడన్నా, మీ హనుమంతు పని. మట్టి వస్తాండాది."

శ్రీనివాసప్ప ముఖం పాలిపోయింది. "అయ్యో దేవుడా, పడవల్లో పిల్లోళ్లుండారు! ఏం చేయల్లప్పా ఇప్పుడు?"

"రాళ్లు విప్పల్ల. నేను మళ్లీ కడతా."

"విప్పు, బేగ విప్పు!" అంటూ ఆయన పడవలు ఆపించడానికి, షెడ్లు ఖాళీ చేయించడానికి పరుగెత్తాడు.

గురప్ప గడ్డపార దించాడు. మొదటిరాయి ఊడినప్పుడు కలిగిన సుఖం మామూలుది కాదు. రాళ్ల వెనక కంకరజల్లి కనిపించింది. పెద్దది ముందు, చిన్నది వెనక. దాని వెనక కడిగిన ఇసుక, అలికినట్టు ఒకే మందాన. ఆ ఇసుకలోంచి నీరు వస్తోంది. కన్నీటి బొట్టంత తేటగా వస్తోంది. మట్టిని లోపలే ఆపి, నీటిని మాత్రం బయటికి పంపే దారి అది. ఎవరూ ఫోటో తీయని చోట, ఎవరికీ కనపడని చోట, హనుమంతు అంత శ్రద్ధ పెట్టాడు.

గురప్ప గడ్డపార పక్కన పడేశాడు. తన పాదాల చుట్టూ బురద చూసుకుని, సీసాలోకి వచ్చింది తను తొక్కిన మట్టేనని అర్థం చేసుకున్నాడు. అప్పటికే మనిషి దూరేంత సందు తెరిచాడు. అంచుల్లో ఇసుక జారడం మొదలైంది. బన్నేరుఘట్ట వైపు మబ్బు నల్లగా దిగుతోంది. వాగు పొంగితే తేటనీరు మట్టినీరు కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇసుక ఎత్తి అద్దాడు. అద్దినంత అద్దినట్టే జారింది.

"ఫోన్ చెయ్యప్పా," అంది అక్కయమ్మ.

"వాడికా?"

"నీళ్లకు చేస్తావా మరి?"

హనుమంతు చందాపురలో పనిలో ఉన్నాడు. బండి మీద వచ్చి, విప్పినచోటు చూసి, తర్వాత గురప్పను చూశాడు.

"నీళ్లు తేటగానే ఉండాయి కదన్నా. ఏంటికి విప్పినావు?"

"ఊట తొక్కి సీసాకు పట్టినా."

"నువ్వా!" నవ్వాడు హనుమంతు. కోప్పడనైనా లేదు. అదీ గురప్పకు కుళ్లుగానే ఉంది. "సరే, తడిపిన ఇసక అందియ్యి. పొడిది నిలబడదు."

చినుకులు మొదలయ్యాయి. హనుమంతు ఒక పలకరాయి అడ్డంపెట్టి ఇసుక కూరాడు, జల్లి పోశాడు, పలక పైకి జరిపాడు. గురప్ప ఆ చేతుల మీదనుంచి చూపు తిప్పలేకపోయాడు. తనకు ఇన్నేళ్లలో తోచని సులువు అది. అడక్కూడదనుకున్నాడు. అడిగాడు.

"పలక ఎంత వంచల్ల?"

"నువ్వే పట్టుకో, తెలుస్తాది."

పట్టుకున్నాడు. పైవరస రాళ్లు ఇద్దరూ కలిసి పేర్చారు. గురప్ప పెట్టిన రాయి కాస్త ఎగుడుగా ఉండిపోయింది. హనుమంతు చూసీ ఊరుకున్నాడు.

వాన కుండపోతగా కురిసి వెలిసింది. గొడుగు పట్టుకుని శ్రీనివాసప్ప వచ్చేసరికి ఇద్దరూ తడిసి, ఊటకు దూరంగా కూర్చుని ఉన్నారు. రాళ్ల కింద నుంచి సన్నటి నీటిధార తేటగా పోతోంది.

"రిపేరీ అయిందా? ఏం తప్పు చేసినాడు వీడు?"

గురప్ప లేచి నిలబడ్డాడు.

"ఆ పొద్దు వాడు కట్టింది సరిగ్గానే ఉండిందన్నా. తప్పుగా చూసింది నేను. ఇప్పుడు సరిగా ఉండాది. కూలోళ్లను షెడ్లకు రమ్మనండి. పడవలు రేపు వదులుకోవచ్చు."


గడ్డపార కడిగి, తోట పనిముట్ల గదిలో పెట్టి, కట్ట పోసిన నాటినుంచి తన దగ్గరే ఉన్న తాళంచెవి శ్రీనివాసప్ప చేతిలో పెట్టాడు.