ఏడుపు గొంతు పిన్ని

మా పిన్ని మొన్న మంగళవారం ఉదయం పోయింది. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియో మేనేజరుకి ఫోన్ చేసి చెబితే, "ఏ సినిమాలో?" అన్నాడు. ఆయన్ని ఏమనగలం? సినిమాల్లో తల్లులు, అత్తలు, వదినలు ఏడ్చినా చచ్చినా గొంతు మా పిన్నిదే.

అందరూ సాఫ్ట్‌వేర్ అంటూ మాదాపూర్‌కి పరుగెడుతున్న రోజుల్లో నాకూ ఉద్యోగం దొరికి, శ్రీనగర్ కాలనీలో ఆవిడ ఇంట్లో దిగాను. మొదటి రోజే వంటింట్లోంచి గుండెలు పగిలే ఏడుపు. ఒక్క ఉరుకున వెళితే పోపు వేయిస్తోంది.

"ప్రాక్టీసురా. కూర్చో, ఉప్మా తిను."

కొన్నేళ్ళకి తొడ ఎముకలో నొప్పి మొదలైంది. పరీక్షల్లో క్యాన్సరని తేలింది. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు.

"కణితి ఒక్కటే కాదమ్మా, దాని చుట్టూ ఏముందన్నదీ ముఖ్యమే. ఒంటిని కాపాడాల్సిన కణాల్లో కొన్నిటిని అది తనవైపు తిప్పుకుంటుంది. అవే దానికి అండగా నిలుస్తాయి."

"అంటే పోలీసులే రౌడీకి కాపలా."

"దాదాపు అంతే."

"మరి నా పోలీసులు ఎలాంటివాళ్ళు?"

"ఒక్కొక్కరికి ఒక్కోలా..." అని నసిగాడాయన.

"నమలకండి బాబూ, పెదాలకి మాట కలవడం లేదు."

అప్పుడు తలెత్తి చెప్పాడు. చుట్టూ ఉన్న కణాలు కణితివైపే మొగ్గాయి, ఊపిరితిత్తులకి పాకే అవకాశం ఎక్కువ, ఆపరేషన్, కీమో చేసినా మాట ఇవ్వలేను అని. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"సరే, ముందు ఆ రౌడీని కొట్టండి," అంది.

ఆపరేషన్ తర్వాత కూడా కన్నీటి చుక్క లేదు. ఉండబట్టలేక అడిగాను.

"ఏడవొచ్చు కదా పిన్నీ!"

"ఎదురుగా తెర మీద ఎవరో ఏడవాలిరా. నా అంతట నాకు రాదు."

అప్పటికే నా కళ్ళు కారుతున్నాయి. నా మొహంలోకి చూస్తూ, నా పెదాల కదలికకి సరిగ్గా గొంతు కలిపి భోరుమంది. వార్డు ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా, గట్ల ఏడుస్తున్నవ్?"

"ఏం లేదమ్మా, మా వాడికి డబ్బింగ్ చెబుతున్నా," అంది పిన్ని ముక్కు తుడుచుకుంటూ. ఆ ముక్కు తుడుచుకోవడం మాత్రం డబ్బింగ్ కాదు.

పోయిన నెల పిన్నిని చివరిసారి చక్రాల కుర్చీలో స్టూడియోకి తీసుకెళ్ళాను. కీమో గొంతుని బొంగురు చేసింది. దయ్యం ముసలమ్మ పాత్రకి అచ్చంగా సరిపోయిందని దర్శకుడు మురిసిపోయాడు. బయటికొచ్చాక ఫిల్మ్‌నగర్ వాలులో చక్రాల కుర్చీ జోరందుకుంది. వెనక నేను చెప్పులు నేలకి రాస్తూ ఆపుతున్నాను. ముందు పిన్ని, బోడిగుండు మీది కొంగు ఎగిరిపోతుంటే, చేతులు చాచి ఆ దయ్యం నవ్వే నవ్వుతోంది. ఎదురొచ్చే పెద్ద పెద్ద కార్లన్నీ పక్కకి తప్పుకుంటున్నాయి.