మూడు గంటల ఎండ

మా డ్రిల్లు మాస్టారు పోయారని పోయిన నెల అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రెండేళ్లుగా పలాసకు డయాలసిస్‌కి వెళ్లివస్తున్న మనిషి. ముందురోజు సాయంత్రం అమ్మ చూడటానికి వెళితే, "నీ కూతురి కబురేటైంది?" అని అడిగారట. "ఇంకా తేల్లేదు బాబూ" అని చెప్పి వచ్చేసిందట.

ఆ కబురేమిటో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

సోంపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన మాకు ఫుట్‌బాల్ నేర్పారు. ప్రశ్న వేయకుండా ఉండలేకపోయేవారు. జవాబు తెలిసి పరీక్షకి అడిగినట్టు కాదు, నిజంగా తెలియకే అడిగేవారు. సముద్రం ఒడ్డునున్న డొంకూరు పిల్లలు ఇసుకలో అంత జోరుగా ఎలా పరుగెడతారా అని ఒకసారి బస్సెక్కి వెళ్లి చూసొచ్చారు. "మడమ ఆనించరే ఆలు" అంటూ మర్నాడు మాకు చేసి చూపించబోయి బోర్లా పడ్డారు.

ఆటలో ఆడా మగా లేదని చెప్పడానికి ఆయనకొక మాట ఉండేది. "పలాసలో జీడిపప్పు గుండా, బద్దా అని సూసి రేటు కడతారు. ఒలిసింది ఆడదా, మగోడా అని అడుగుతారేటి?"

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ ఈ మాట వింది. జీడి ఫ్యాక్టరీలో పొట్టు ఒలిచే పని ఆమెది. నన్ను తీసుకెళ్లడానికి వచ్చి మైదానం అంచున నిలబడి ఉంది.

"పప్పు సంగతి బాగానే సెప్పినారు బాబూ. ఒలిసినోల సంగతేటి? మా కాడ మగోల కూలి వేరు, మా కూలి వేరు."

"ఏల?"

"నన్నడుగుతారేటి? మగపిల్లల్ని అయిదింటికి ఆడిత్తారు, మా పిల్లల్ని మూడింటి ఎండలో ఆడిత్తారు. అదేల?"

"పొద్దుండగా ఇల్లు సేరాలని..."

"తీసుకెల్లడానికి నానొచ్చినాను కాదా?"

ఎప్పుడూ నీడలో కుర్చీ వేసుకుని ఈల ఊదే మాస్టారు, ఆ సోమవారం మూడింటికి టోపీ లేకుండా వచ్చి మా ఆట అయ్యేదాకా ఎండలోనే నిలబడ్డారు. ఆ మర్నాటినుంచి వారం వారం వంతులు మార్చారు.

"కాళ్లు కాలిపోతన్నాయి మాస్టారూ" అని మగపిల్లలు గోలపెట్టారు.

"ఇన్నాళ్లూ ఆల కాళ్లు కాల్లేదేట్రా? నానడగలేదు, అది నా తప్పు."

పప్పు మాట మళ్లీ ఆయన నోట వినలేదు. అమ్మ ఎదురైతే మాత్రం "కూలి ఒకటయ్యిందా?" అని అడిగేవారు. లేదనేది.

తర్వాత నేను ఒక నగరంలోని క్లబ్బులో జీతానికి ఆడటం మొదలుపెట్టాను. ఫోన్‌లో ఆయన గోల్స్ సంగతి చివర అడిగేవారు. ముందు గ్రౌండు, తర్వాత తిండి, తర్వాత బూట్లు. మగవాళ్ల జట్టుకి పచ్చిక, సాయంత్రం, లైట్లు. మాకు ప్లాస్టిక్ గడ్డి, మధ్యాహ్నం. ఆ గడ్డి కాగితే బూటు అడుగునుంచి వేడి తగులుతుంది. మ్యాచ్ ఫీజు కూడా వాళ్లకంటే బాగా తక్కువ.

"ఏలంట?"

"మా ఆటకి జనం రారంట మాస్టారూ."

"మిట్టమధ్యాన్నం ఆట పెడితే ఎవుడొత్తాడు? ఈ మాట క్లబ్బోలనడిగినారా?"

అడగలేదు. ఆ ప్రశ్నని నేను మిగతా అమ్మాయిల దగ్గరికి తీసుకెళ్లాను. ఈ ఏడు అందరం కలిసి అడిగాం. అదే గ్రౌండు, అదే వేళ, అదే ఫీజు ఇస్తేగాని ఒప్పందం మీద సంతకాలు పెట్టబోమన్నాం. మమ్మల్ని తీసేసి వేరేవాళ్లను తెచ్చుకుంటారేమోనన్న భయం అందరికీ ఉంది. ఈ ఆట జీతం తప్ప మాకు వేరే ఆదాయం లేదు. ఆఖరి రోజుల్లో మాస్టారు కనిపెట్టుకుని ఉన్న కబురు ఇదే.

ఆయన పోయిన పన్నెండో రోజుకి జవాబు వచ్చింది. గ్రౌండు, సాయంత్రం ఇస్తామన్నారు. ఫీజు వచ్చే ఏడు చూద్దామన్నారు. మేం సంతకాలు పెట్టలేదు. ఫీజు సంగతి తేలేదాకా అని, ఒప్పందం బదులు క్లబ్బుచేత ఒక నెలకి ఉత్తరం రాయించుకుని ఆడుతున్నాం.

మొదటి సాయంత్రం పచ్చిక మీదికి దిగాం. నాలుగు స్తంభాల మీద లైట్లు వెలిగేసరికి ఒక్కొక్కరి కాళ్ల దగ్గర నాలుగేసి నీడలు పడ్డాయి. మాలో అందరికంటే చిన్నపిల్ల, తన దగ్గరికొచ్చిన బంతిని వదిలేసి, తల వంచుకుని, చుట్టూ తిరుగుతూ తన నీడల్ని లెక్కపెట్టుకుంటోంది.