గడ్డి పచ్చగా ఉన్నప్పుడు చెప్పిన ధర

మా ఎదురింటి అంకుల్ పోయారు. జనవరిలో ఓ మంగళవారం ఉదయం, నేను పికప్ ట్రక్కు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మంచు తోసే ప్లౌ బిగిస్తుంటే ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ వెళ్ళిపోయారమ్మా, హాస్పిటల్లోనే," అన్నారు. వెంటనే వస్తానంటే ఒప్పుకోలేదు. "మధ్యాహ్నం నుంచి మంచు అంటున్నారుగా. లిస్టులో వాళ్ళందరికీ మాటిచ్చావు, అది పూర్తి చేసుకునే రా. పిల్లలు దగ్గరే ఉన్నారు, నేనేం ఒంటరిగా లేను." భర్త పోయిన గంటకే ఇలా మాట్లాడిందని ఎవరైనా అనుకోవచ్చు. అనుకోనీండి. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా నడిచిన పద్ధతి అది.

ఆ రోజు ముప్పై ఒక్క డ్రైవ్‌వేలు, అంటే ఇళ్ళ ముందు కార్ల వాకిళ్ళు, తోశాను. ఏడుస్తూనే తోశాను. ట్రక్కు అద్దానికి బయట వైపర్ ఉంటుంది గానీ లోపల ఉండదు కదా, రెండుసార్లు పక్కకి ఆపి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

అంకుల్‌ది గోదావరి జిల్లా. ఎప్పుడో డెబ్భైల్లో అమెరికా వచ్చి, ఇక్కడ రోడ్ల శాఖలో సివిల్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నేను వరంగల్ దాన్ని. హెర్న్‌డన్‌లో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురు. చాలాకాలం మా పరిచయం చెయ్యి ఊపుకోవడం దగ్గరే ఆగిపోయింది. 2008లో నా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయాక అది మారింది. మా ఆయన జీతం ఒక్కటే ఇంటి లోనుకి చాలదు. ఆఫీసు వాళ్ళు పంపించేస్తూ ఇచ్చిన డబ్బుతో నేను చేసిన పని వింటే మీరూ నవ్వుతారు. పని మానేస్తున్న ఒక గార్డెనర్ దగ్గర, ప్లౌతో సహా, అతని పాత ట్రక్కు కొన్నాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నారు మా ఆయన. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒక షరతు పెట్టారు. రెండు చలికాలాలు చూడాలి. ట్రక్కు మీద వచ్చేది లోనుకి తగ్గిన సొమ్ము పూడ్చకపోతే, ట్రక్కూ ఇల్లూ రెండూ అమ్మేసి ఎక్కడో దూరాన ప్లేనోలో ఉన్న మా మరిది ఇంటికి వెళ్ళిపోవాలి, పై గదిలో ఉండాలి. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. మా తోడికోడలు మంచిదే. కానీ ఆవిడ ఫ్రిజ్ తలుపు అడిగి తీసే బతుకు నాకొద్దు.

మొదటి మంచు పడింది. నేను ట్రక్కేసుకుని మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ వెళ్ళాను. తోశాను. తలుపు తీసి "ఎంతమ్మా?" అని అడిగితే, నా నోట వచ్చింది ఒకటే మాట, "మీ ఇష్టం ఆంటీ." వాళ్ళ ఇష్టం ఏమిటో ఆ సాయంత్రానికి మా వంటింటి గట్టు మీద కనిపించింది. పులిహోర, గోంగూర పచ్చడి రెండు సీసాలు, సున్నుండలు. ఒకావిడైతే, పాపం చాలా పద్ధతైన మనిషి, నన్ను లోపలికి పిలిచి బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. స్నో బూట్లతో నిలబడి తాంబూలం పుచ్చుకున్న ప్లౌ డ్రైవరు అమెరికా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ పచ్చడిలో ఒక సీసా అంకుల్ వాళ్ళకిద్దామని తీసుకెళ్ళాను. సంగతంతా విని ఆయన నవ్వలేదు.

"డబ్బులు అడగలేదా?"

"మనోళ్ళను పైసలెట్ల అడుగుతం అంకుల్?"

"మరి బ్యాంకువాడు కూడా మనవాడేనా?"

"కాదు."

"అయితే వాడికి ఈ జాకెట్ ముక్క పట్టుకెళ్ళి చూపించు, ఊరుకుంటాడేవో." తర్వాత, "మొహమాటానికి పోతే..." అంటూ సామెత అందుకుని, ఆంటీ వైపు చూసి, సగంలో దగ్గేశారు. మిగతా సగం తెలిసినవాళ్ళకి తెలుసు.

మర్నాడు ఆయన నాకు నేర్పిన పాఠం ఏ ఆఫీసు ట్రైనింగ్‌లోనూ నేర్పరు. నన్ను వాకిట్లో నిలబెట్టి తాను లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. బెల్ కొట్టాలి. ఆయన తలుపు తీసి, "ఎంత తీసుకుంటావమ్మా?" అంటారు. నేను ధర చెప్పాలి.

బెల్ కొట్టాను. అడిగారు. "మీ ఇష్టం అంకుల్," అన్నాను. ధడాలున మొహం మీదే తలుపేశారు. లోపల్నుంచి, "మళ్ళీ కొట్టు!"

రెండోసారి, "నలభై... కానీ మీకైతే..." అన్నాను. తలుపు. మూడోసారి, "నలభై అంకుల్, ఎక్కువైతే చెప్పండి." తలుపు. ఆ చలిలో నా ముక్కు కారుతోంది, ఒళ్ళు మండుతోంది. ఈ ముసలాయనకి పనేం లేదా అనుకున్నాను కూడా. ఎన్నోసారో గుర్తులేదు, కోపం నషాళానికి అంటి, "నలభై డాలర్లు!" అని అరిచి పళ్ళు బిగించాను.

ఆయన తలుపు వెయ్యలేదు. నేను మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. అలా ఎంతసేపు చూసుకున్నామో. అప్పుడు జేబులోంచి రెండు ఇరవైలు తీసి ఇచ్చి, "అదీ! ధర చెప్పాక నోరు మూసుకోవాలి అమ్మాయ్. ఆ తర్వాత నువ్వు మాట్లాడే ఒక్కో మాటకీ పదేసి డాలర్లు పోతాయ్," అన్నారు. అలా ఆయనే నా మొదటి ఖాతాదారు. తిరిగిచ్చేస్తానంటే తీసుకోలేదు.

ఆ చలికాలం పెద్దగా మంచు పడలేదు. మా ఆయన ప్లేనో మాట ఎత్తకపోయినా, ఫోన్లో వాళ్ళ తమ్ముడితో స్కూళ్ళ గురించి మాట్లాడటం నాకు వినిపిస్తూనే ఉంది. ఇంకొక్క చలికాలం మిగిలింది.

అక్టోబరు రాగానే ఒక శనివారం పొద్దున అంకుల్ చెవుల టోపీ పెట్టుకుని, దూరం కొలిచే చక్రాల కర్ర ఒకటి దొర్లించుకుంటూ మా గుమ్మంలోకొచ్చారు. ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ, జేబులో మారీ బిస్కెట్లు. "పద, రేట్లు కట్టాలి."

"ఇప్పుడేం రేట్లు అంకుల్? మంచే లేదు, గడ్డి ఇంక పచ్చగనే ఉన్నది."

"గడ్డి పచ్చగా ఉన్నప్పుడే చెప్పాలమ్మాయ్. మంచు పడ్డాక చెప్పేదాన్ని ధర అనరు, బెదిరింపంటారు."

ఇంటింటికీ తిరిగాం. పొడవు ఎంత, ఎన్ని కార్ల వెడల్పు, కంకరా తారా, తోసిన మంచు ఎటు పెట్టాలి, రోడ్డు ప్లౌ వెళ్తూ వెళ్తూ వాకిలి ముందు పడేసే గుట్ట ఎవరికి ఎక్కువ పడుతుంది, ఇవన్నీ రాయించారు. వాలు చూడటానికి మాత్రం ఆయనకో సొంత పద్ధతి ఉండేది. గరాజు ముందు ఒక నిమ్మకాయ పెట్టి వదిలేవారు. ఎంత వేగంగా రోడ్డు మీదికొస్తే వాలు అంత. మూడో వీధిలో ఒక కాయ దొర్లి పొదలోకి పోయింది, మేం వెతకలేదు. సాయంత్రానికి ఆ ఇంటావిడ వీధంతా ఫోన్లు. "ఎవరో మా వాకిట్లో నిమ్మకాయ పడేసి పోయారండీ, పసుపు కూడా ఉందేమో చూడాలి!" అంకుల్ స్వయంగా వెళ్ళి, అది చేతబడి కాదు సర్వే అని నచ్చజెప్పి వచ్చారు. ఆ తర్వాత టెన్నిస్ బంతి వాడాం. ఆవిడ మాత్రం ఆ యేడు నాతో ప్లౌ చేయించుకోలేదు.

ఆయన కట్టించిన రేటు ఇలా ఉండేది. ఆరంగుళాల దాకా ఇంత, ఆపైన ప్రతి ఆరంగుళాలకీ ఇంత. రెండూ ముందే కాగితం మీద రాసి, గడ్డి మీద నిలబడి చేతికిచ్చేవాళ్ళం. ఊరికే చెయ్యాల్సిన ఇళ్ళు రెండున్నాయి. వాటికీ కాగితం ఇప్పించారు, సున్నా అని రాసి. "సున్నా కూడా రేటే. కానీ అదీ ముందే చెప్పాలి," అన్నారు.

మూడు కార్ల వాకిలున్న ఒకాయన మా కాగితం చూసి, "అరవై ఐదా? ఇండియాలో ఆ డబ్బుకి నెలంతా పనిమనిషి వస్తుందమ్మా," అని కాగితం వెనక్కిచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంకుల్ మాత్రం, "సరే అండి, మంచిది," అని చక్రం దొర్లించుకుంటూ ముందుకి నడిచారు.

ఆ ఫిబ్రవరిలో పడింది మంచు! తొడల్లోతు, గాలికి గుట్టలు కట్టిన చోట నడుం దాకా. పార్కు చేసిన కార్లు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. ఎక్కడెక్కడి ట్రక్కుల వాళ్ళో దిగి ఒక్కో ఇంటికి మూడు వందలు, నాలుగు వందలు అడుగుతున్నారు. నా కాగితాల మీద రేటు రాసే ఉంది కనుక నాకు బేరమే లేదు. తెల్లారిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా తోశాను, మళ్ళీ తెల్లారి తోశాను. రెండో రోజు మధ్యాహ్నం ఆ మూడు కార్లాయన ఫోన్ చేశాడు. అక్టోబరులో "అమ్మా" అన్న మనిషి ఇప్పుడు "అండీ" అంటున్నాడు. "ఎంతైనా ఇస్తానండీ, కొంచెం ముందు మా ఇంటికి రండి."

నేను ఫోన్ చేత్తో మూసి, పక్కసీట్లో ఉన్న అంకుల్ వైపు చూశాను. అవును, డెబ్భై దాటిన మనిషి, ఆంటీ ఎంత వద్దన్నా, ఆ రెండు రోజులూ లిస్టు పట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

"నాలుగు వందలు చెప్తా అంకుల్. తిక్క కుదురుతది."

"అక్టోబర్‌లో ఎంత చెప్పావ్?"

"అప్పుడు వద్దన్నడు కదా!"

"అతను వద్దన్నాడు. నువ్వు చెప్పిన ధర మారిందా?" అని, ఒక బిస్కెట్ కొరికి, "రేటు అదే. వరుసలో మాత్రం చివర," అన్నారు.

అలాగే చెప్పాను. మూడో రోజు, అందరి తర్వాత వెళ్ళి తోశాను. రెండడుగుల మంచుకి నూట యాభై ఐదు తీసుకున్నాను. ఆయన రెండు వందలు ఇవ్వబోతే చిల్లర ఇచ్చాను. చిల్లర ఇస్తున్నప్పుడు నాకు కలిగిన తృప్తి, నాలుగు వందలు గుంజినా కలిగేది కాదు. మరుసటి అక్టోబరు కాగితం ఆయన అడిగి తీసుకున్నాడు.

ఇల్లు నిలిచింది. ఆ వేసవిలో మా ఆయనే ట్రక్కుకి కొత్త టైర్లు వేయించారు. మెచ్చుకోలు కింద ఆ టైర్లే చాలనుకున్నాను.

ధర విషయంలో ఇంత పంతం ఎందుకని ఒకసారి అంకుల్‌ని అడిగాను. ఆయన కాఫీ ఫ్లాస్కు మూత బిగించి చెప్పారు. "ముప్పై ఏళ్ళు మనవాళ్ళ ఇళ్ళ ప్లాన్లన్నీ ఊరికే చూసిపెట్టానమ్మా. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. లోపల్లోపల కోపం పెరిగిపోయింది. చివరికి ఎవరి గృహప్రవేశానికీ వెళ్ళబుద్ధి కాలేదు. అందులో వాళ్ళ తప్పేం లేదు. ధర చెప్పుంటే స్నేహాలన్నా మిగిలేవి." ఆయన ఇంటికి ఎక్కువమంది ఎందుకు రారో నాకు అప్పుడు తెలిసింది. నాకు నేర్పినవన్నీ ఆయనకి ఆలస్యంగా తెలిసినవే.

తర్వాత నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. ట్రక్కు మానలేదు. మొన్న అక్టోబరుకి ఆయన నడవలేకపోయారు. వాకిట్లో మడతకుర్చీ వేసుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే చక్రం దొర్లించి వచ్చాను. "నా రేటు చెప్పు," అన్నారు. "నలభై," అన్నాను. "డీజిల్ పెరిగింది, నలభై ఐదు రాయి," అని కసిరారు. ఖాతాదారే ధర పెంచిన బేరం అదొక్కటే. రాశాను.

కర్మకాండలు అయ్యాయి. పిల్లలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళారు. పోయిన వారం మళ్ళీ మంచు పడింది. ఎప్పట్లాగే మొదట ఎదురింటి వాకిలి తోశాను, అంచులు పారతో గీసి మరీ శుభ్రం చేశాను. చప్పుడు చెయ్యకుండా ట్రక్కెక్కబోతుంటే తలుపు తెరుచుకుంది. శాలువా కప్పుకుని ఆంటీ.

"ఎంతమ్మా?"

"ఆంటీ, మీ దగ్గర నేను పైసలెట్ల..."

ధడాలున తలుపు మూసుకుంది.

ఆ తలుపు ముందు నిలబడిపోయాను. లోపల అడుగుల చప్పుడు లేదు. ఆవిడ అక్కడే ఉన్నారు, తలుపుకి అవతల. నేను చేతి తొడుగు తీసి, కళ్ళు తుడుచుకుని, బెల్ కొట్టాను.

తలుపు తీశారు. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. "ఎంతమ్మా?"

"నలభై ఐదు."

అంతే. నోరు మూసుకున్నాను. ఆవిడా ఏమీ అనలేదు. వెనకాల ట్రక్కు ఇంజిన్ తిరుగుతోంది. గుమ్మం పక్కన చక్రాల కర్ర గోడకి ఆనించి ఉంది. గడపకి ఇటు నేను, అటు ఆవిడ, ఇద్దరం పళ్ళు బిగించుకుని అలాగే నిలబడ్డాం.