తాళం తీసినా ఆగని బండి

మా పెద్దక్కది పిరికి గుండె. బల్లి అరిచినా ఉలిక్కిపడే మనిషి. బావకి చూపు మందగించాక ఆయన డీజిల్ కారు తనే నడపడం మొదలుపెట్టింది. కిడ్నీలు పాడైనవాళ్ళని డయాలిసిస్‌కి తీసుకెళ్ళి తెచ్చేది.

నేను మెకానిక్‌ని. "అక్కా, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో ఉందే, దానికి ఆయిలే ప్రాణం. వేళకి మార్పించు" అని పోరేవాణ్ణి.

"బండి నీ షెడ్డులో పెడితే వాళ్ళని ఎవరు తీసుకెళ్తార్రా?" అనేది.

ఒకరోజు అక్క నుంచి ఫోను. మాట కంటే ముందు ఇంజన్ గోల వినిపించింది.

"ఆసుపత్రి గుమ్మంలో ఆపాన్రా. తాళం తీసేశాను, చేతిలోనే ఉంది. అయినా ఇంజన్ ఆగట్లేదు, ఇంకా రెచ్చిపోతోంది. అంతా పొగ."

అర్థమైంది. టర్బోలో ఆయిల్‌ని ఆపే సీలు పోయింది. డీజిల్ ఆగినా, ఇంజన్ తన ఆయిల్ తనే తాగుతోంది.

"బాబాయ్ గారు దిగారా?" ఆ రోజు బండిలో ఉన్నది, మేం బాబాయ్ గారు అని పిలిచే ముసలి దర్జీ.

"దింపేశాను."

"అయితే నువ్వూ దూరంగా పరిగెత్తు. ఏ ముక్క ఎగిరి తగుల్తుందో తెలీదు."

"పక్కనే చక్రాల కుర్చీల్లో జనం ఉన్నార్రా. ఎలా ఆపాలో చెప్పు."

"క్లచ్ తొక్కి టాప్ గేరు వెయ్యి. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ ఒక్కసారిగా వదిలెయ్యి."

తలుపు పడిన చప్పుడు. ఏడుస్తూనే ఉంది అక్క. ఒక్క కుదుపు చప్పుడు, ఇంజన్ గోల ఆగిపోయింది.

"అక్కా?"

"కాలు బ్రేకు మీంచి రావట్లేదురా" అంది.

బండిని షెడ్డుకి తెచ్చి విప్పి చూస్తే టర్బోకి ఆయిల్ వెళ్ళే గొట్టం నల్లటి మడ్డితో పూడుకుపోయి ఉంది. అదృష్టం కొద్దీ ఇంజన్ దక్కింది. టర్బో మార్చాను.

అక్క చాన్నాళ్ళు తాళం ముట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టాక, గడువు కంటే ముందే ఆయిల్ మార్పించేది. చేరాక వెంటనే ఆపకుండా, టర్బో వేడి తగ్గేదాకా ఇంజన్‌ని నెమ్మదిగా తిరగనిచ్చేది. టర్బోలో కాస్త ఈల వినపడితే చాలు, నాకు ఫోను చేసేది.

"నాకింకా భయంగానే ఉంది బాబాయ్ గారూ, వేరే బండి చూసుకోండి" అందట దర్జీతో.

"ధైర్యవంతుల బండ్లెక్కి రెండుసార్లు కాలువలో పడ్డానమ్మా" అని ఆయన వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నాడట.