నేడీన్ మేజోళ్ల గొప్ప

నేడీన్ ప్రూయిట్‌కి దేవుడి మీద ఎంత గురో, తను కుట్టిన మేజోళ్ల మీద అంతకన్నా పిసరెక్కువే. అలబామా కొండల్లో ఆ ఊరు బతికిందే మేజోళ్ల మీద. ఫ్యాక్టరీలో ఆవిడ పని వేళ్ల దగ్గర కొన మూసి కుట్టడం. చర్చిలో ఎవడైనా కాలు మీద కాలేసుకుంటే చాలు, పాస్టరుగారి మాట గాలికొదిలి వాడి పాదాల కేసి చూసేది. కాకిపిల్ల కాకికి ముద్దు, ఏం చేస్తాం!

అలాంటి ఫ్యాక్టరీ మూతపడింది. దుకాణాలవాళ్లు విదేశీ సరుకుకి ఎగబడ్డారు మరి. తాము చేసే సరుకులాంటిదే బయటి దేశం నుంచొచ్చి పడి పని పోయినవాళ్లకి కొత్త విద్య నేర్పించి, నేర్చుకున్నన్నాళ్లూ ఇల్లు గడిచేందుకు ఇంత ఇచ్చే సర్కారు సాయం ఒకటుంది. నేడీన్‌తో పాటే పని పోయిన పక్కింటి డార్లా దాని మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. నర్సు కోర్సులో సీటొచ్చింది గానీ, సాయం రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

ఆ సాయం కోసం అందరూ కలిసి పెట్టుకున్న అర్జీ మీద మొదటి సంతకం నేడీన్‌ది. అందుకని వాషింగ్టన్ నుంచి ఆస్ట్రాండర్ అనే అధికారి ఆవిడకే ఫోన్ చేశాడు.

"బయటి నుంచొచ్చే మేజోళ్లు మీవాటి లాంటివేనా మేడమ్?"

ఆ ముక్కకి అవునంటే సరిపోయేది. అంటే ఆవిడ నేడీన్ ఎందుకవుతుంది?

"ఏంటీ, వాటికీ మావాటికీ పోలికా! అవి మేజోళ్లే కావు నాయనా. మా కుక్కకి కూడా తొడగను!"

ఆ పెద్దమనిషి శ్రద్ధగా రాసుకున్నాడు. కొన్నాళ్లకి జవాబొచ్చింది. రెండూ ఒక తీరు సరుకు కాదని కార్మికుల మనిషే చెప్పింది కనుక సాయానికి అర్హత లేదట.

డార్లా ఏడుస్తూ వచ్చి వంటింట్లో కూలబడింది. "నీ గొప్ప తగలెయ్య! ఆ ఒక్క పూటా నోరు కట్టేసుకుంటే నీ సొమ్మేం పోయేదక్కా?"

నేడీన్‌కి తల కొట్టేసినట్టయింది. మళ్లీ విచారించమని అర్జీ పెట్టించింది. ఫోనొచ్చే రోజున డార్లా పక్కనే కూర్చుని చిన్నపిల్లకి పద్యం చెప్పినట్టు చెప్పింది. "ఒకటే అను. రెండూ ఒకటే." నేడీన్ ఆముదం తాగిన మొహం పెట్టుకుని వల్లించింది. అవతల ఆవిడ మొగుడు హోయిట్ లోకం పట్టనట్టు మెత్తటి రొట్టెలాంటి బిస్కెట్‌ని గ్రేవీలో ముంచుకు తింటున్నాడు.

"ఒకటేనండీ," అంది నేడీన్ ఫోన్‌లో.

"పోయినసారి కుక్కకి కూడా తొడగనన్నారు."

"మా కుక్క పాదాలు మరీ సుకుమారం లెండి."

అధికారికి నవ్వొచ్చింది గానీ వదల్లేదు. "దుకాణాలు బయటి సరుకుకి మళ్లిన సంగతి మేం కనుక్కున్నాం. తేలాల్సింది ఒక్కటే. మీవాటికి బదులు అవి వేసుకుని సరిపెట్టుకున్నవాళ్లు, మీరెరిగిన మనిషి, ఒక్కరైనా ఉన్నారా?"

డార్లా రెండు చేతులూ జోడించి నేడీన్ మొహంలోకే చూస్తోంది.

"ఉన్నాడండీ," అంది చివరికి. "మా ఆయనే. పోయిన చలికాలం పెద్ద షాపులో ఆ బయటి మేజోళ్లు చవగ్గా దొరికాయని నేనే కొనుక్కొచ్చా. ఎవరికీ తెలీకుండా చీటీలు పీకేసి ఆయన సొరుగులో పడేశా."

డార్లా నోరు తెరిచేసింది.

"మరి ఆయనేమన్నారు?"

"ఏమీ అన్లేదండీ." నేడీన్ హోయిట్ పాదాల కేసి చూసింది. "పెళ్లయిన కాణ్ణుంచీ నేను కుట్టినవి తప్ప తొడగని మనిషి. ఒక్క మాటంటే ఒక్క మాట అన్లేదు."

అవతల కాసేపు రాసుకున్న చప్పుడు. "ఇది చాలు మేడమ్. మీవాటి బదులు అవి చెల్లుతాయనేగా దీనర్థం! మీ అందరికీ సాయం వచ్చేలా నేను రాసేస్తాను. కాయితం ఈ వారంలోనే అందుతుంది."

డార్లా కేక పెట్టి ఆవిడ మెడ వాటేసుకుంది, బుగ్గలు ముద్దాడింది, పిల్లలకి చెప్పాలని చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తింది. నేడీన్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"ఏమయ్యా, నిజం చెప్పు. తొడుక్కున్నప్పుడు నీకేమీ తెలీలేదూ?"

హోయిట్ నమలడం ఆపి ఆవిడ వంక అయోమయంగా చూశాడు.

"ఏం తెలియాలే?"