బండి కిందికి నన్ను మళ్ళీ పంపిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా మీద ఒక కారు పడిన రోజు నుంచి నా సాక్ష్యం మొదలుపెడతాను, ఎందుకంటే నా చీకటి రోజులు అక్కడే మొదలయ్యాయి, దేవుడు నన్ను వెతుక్కుంటూ వచ్చిందీ అక్కడికే!

నా పేరు ప్రభుదాసు. మాది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె, మా నాన్న వలలు అల్లేవాడు. పదో తరగతితో చదువు ఆపి, కార్ల షెడ్డులో పని నేర్చుకుని మస్కట్ వచ్చాను. హమ్రియాలో కాపురం, అజైబాలో ఒక వర్క్‌షాపులో మెకానిక్ డ్యూటీ, నా భార్య సుగుణ ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు నేను కారు కింద పడుకుని పని చేస్తుండగా జాకీ జారి బండి మొత్తం నా ఛాతీ మీదికి దిగిపోయింది. పక్కన ఎవరో పడేసిన పాత చక్రం దానికి అడ్డుపడింది, లేకపోతే ఈ సాక్ష్యం మీకు నా భార్య చెప్పాల్సి వచ్చేది! పక్కటెముకలు అతుక్కున్నాయి, గాయాలు మానాయి, కానీ భయం మానలేదు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని తల బండి కిందికి పెట్టగానే గొంతు పూడుకుపోయేది, చేతులు వణికి స్పానరు జారి ముఖం మీద పడేది. డాక్టరుగారు మాత్రలు ఇచ్చారు, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, సుగుణ డ్యూటీ నుంచి వచ్చి కూర్చోకుండా మోకరించేది, అయినా ఆ వణుకు అలాగే ఉంది. మా మేనేజరు నన్ను స్పేర్ పార్టుల కౌంటరులో కూర్చోబెట్టి ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"ప్రభు భాయ్, నీ వీసా మీద మెకానిక్ అని ఉంది, సేల్స్‌మన్ అని లేదు. రెన్యువల్ నాటికి బండి కిందికి దూరావా, సరే. లేదా, ఖలాస్, అంతే సంగతి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఊరికి పో."

సహోదరులారా, చేతులకు పని లేనప్పుడు దేవుడు నా కళ్ళకు పని ఇచ్చాడు! చిన్నప్పటి నుంచీ నాకు పుస్తకాల పిచ్చి. ఊళ్ళో శాఖా గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కూడా వదిలేవాణ్ణి కాదు. ఇక్కడ కూడా సెలవు వస్తే చాలు లైబ్రరీకి వెళ్ళి, ఒక పక్క నిఘంటువు, ఒక పక్క కార్ల ఇంజినీరింగు పుస్తకం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మలుపులో బండి బరువు ఏ చక్రం మీదికి పోతుంది, బ్రేకు నూనె వేడికి ఎందుకు మరుగుతుంది, ఇనుము అలిసిపోయి ఎలా పగులుతుంది, ఇవన్నీ మాటమాటకూ అర్థం వెతుక్కుని చదివాను. గర్వం మంచిది కాదంటారు గాని, దేవుడు ఇచ్చిన చదువును తక్కువ చేసి చెప్పడం కూడా మంచిది కాదు కదా! నేను చదివాను, అర్థం చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే సలీం మా కౌంటరుకు వచ్చాడు. ఒమానీ కుర్రవాడు, ఏదో ఆఫీసులో ఉద్యోగం, వేగమంటే ప్రాణం. స్క్రాపు యార్డు నుంచి ఒక పాత జపాను చిన్న కారు తెచ్చుకుని, ఇంటి వెనక తన అన్నదమ్ములతో కలిసి దాన్ని రేసు బండి చేశాడు. వెనక సీట్లు పీకేశారు, పైపులతో పంజరం కట్టారు, చక్రాలు వెడల్పుగా నిలబడాలని ముందు చక్రాలను పట్టుకునే కింది ఆర్మ్‌లు కోసి, మధ్యలో ముక్క పెట్టి వాళ్ళే వెల్డింగ్ చేశారు. తిన్నని దారిలో బాణంలా పోయేదట, కానీ ట్రాక్ మీద రెండో చుట్టుకే బ్రేకు పెడలు నేలకు అంటుకుపోయేదట. అతను వచ్చింది మాత్రం బ్రేకుల కోసం కాదు, ఇంకా పెద్ద ఇంజను కోసం!

"ముందు ఆపడం సంగతి చూద్దాం, పరుగు సంగతి తరవాత," అన్నాను.

"రేసుకి ఆగడం దేనికి ఉస్తాద్?" అని నవ్వాడు.

"ఆగుతుందన్న నమ్మకం ఉన్నవాడే మలుపు దాకా వచ్చి బ్రేకు వేస్తాడు. నమ్మకం లేనివాడు ముందే వేసుకుని వెనకబడతాడు."

అతను తాళాలు కౌంటరు మీద పెట్టి, "యల్లా, కానీ మరి, బండి నీదే," అన్నాడు. మేనేజరు కూడా, సాయంత్రాలు వర్క్‌షాపు వెనక చేసుకోండి అన్నాడు. నేను నిలబడి చెప్పేవాణ్ణి, కింద దూరి చేసేది రఫీక్ భాయ్. ఆయన పాకిస్తానీ, నాకు తోటి మెకానిక్, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "నువ్వు పుస్తకం పట్టుకుని నిలబడు ప్రొఫెసర్ సాబ్, మసి మా తలకు పూయి," అని కింద నుంచి అరుస్తూనే చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు.

ఎంత బాగా తయారైందనుకున్నారు! పెద్ద బండి నుంచి తీసిన బ్రేకులు బిగించాం, వేడికి మరగని నూనె పోశాం, ముందు బంపరు నుంచి బ్రేకుల దాకా గాలి వెళ్ళడానికి గొట్టాలు పెట్టాం. చప్పుడు రాకుండా బండి లోపల నేలకు అంటించిన తారు పలకలు గీకి గీకి బరువు తగ్గించాం. ఈ ఎండకు ఇంజను తట్టుకోవాలని పెద్ద రేడియేటరు వేశాం. చక్రాలు సరిగ్గా ముందుకు చూస్తున్నాయో లేదో కొలవడానికి పెద్ద యంత్రాలు మాకెక్కడివి? బండికి రెండు పక్కలా దారం బిగువుగా కట్టి స్కేలుతో కొలవొచ్చని పుస్తకంలో చదివాను. వల అల్లే నైలాను దారం తెచ్చి మా నాన్న ముడి వేసి కట్టాను. ఆ ముడి జారదు! వలలు అల్లే ఇంటివాణ్ణి మస్కట్‌లో రేసు బండికి దారం కట్టానంటే, దేవుడు ఏ విద్యనూ వృథాగా పోనివ్వడని నాకు అర్థమైంది.

రేసు ట్రాక్ మీద బండి నడిపే రోజు శుక్రవారం పడింది. ఇక్కడ సెలవు రోజు గనుక మన ఆరాధన కూడా శుక్రవారమే కదా, అందుకని గురువారం సాయంత్రమే మన వాళ్ళు కొందరు వర్క్‌షాపుకు వచ్చి బండి కోసం ప్రార్థించారు. బండి దగ్గర ప్రార్థించి నూనె రాయడం మనకు అలవాటే కదా! సలీంను ముందే అడిగాను. "దువా అంటే మంచిదేగా, చెయ్యండి, నా కోసం కాస్త ఎక్కువ చెయ్యండి," అన్నాడు. మన పాస్టరు అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆసుపత్రిలో ఆయాగా చేసే మార్తమ్మగారు, మీ అందరికీ తెలిసిన ప్రార్థనాపరురాలు, నూనె సీసా పట్టుకుని బండి చుట్టూ తిరిగారు. తరవాత బండిని రికవరీ లారీ మీదికి వించితో లాగి ఎక్కించి ట్రాక్‌కు పంపించాం.

శుక్రవారం పొద్దున సలీం హెల్మెట్ పెట్టుకుని బెల్టులు బిగించుకుంటున్నాడు. అప్పుడు నా ఫోను మోగింది. మార్తమ్మగారు!

"ఏం బాబూ, ఆ అబ్బాయి బండెక్కేశాడా? ఏం దిగులు పెట్టుకోకు. మీరంతా పైపైన రాసి ఊరుకున్నారు గాని, నేను ఆ చక్రాల ఊచల్లోంచి చెయ్యి పెట్టి, లోపల పళ్ళేల్లాగా మెరుస్తాయి చూడూ, వాటికి నిండా పట్టించేశాను. కారేదాకా రాశాననుకో!"

సహోదరులారా, ఆ మెరిసే పళ్ళేలే బ్రేకు డిస్కులు! వాటికి నూనె తగిలితే బండి ఆగదు. లారీ ఎక్కించినప్పుడూ దించినప్పుడూ బ్రేకు అవసరమే రాలేదు గనుక ఎవరికీ తెలియలేదు. నేను ఫోను అలాగే పట్టుకుని బండికి అడ్డంగా పరుగెత్తాను. "దిగు, సలీం, దిగు!" అని బానెట్ మీద కొట్టాను. అతను దిగి, సంగతి విని, తల పట్టుకున్నాడు. "ఆ నూనె అమ్మగారు నన్ను ఇవాళే స్వర్గానికి పంపించేవారు ఉస్తాద్!"

నూనె తాగిన బ్రేకు ప్యాడ్లు తుడిస్తే సరిపోదు, మార్చాలి. కొత్తవి వెంట తెచ్చాను. బండి లేపి స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రం ఊడదీసి, డిస్కు తుడిచాను. నూనె డిస్కు లోపలి వైపు నుంచి కారి కింది ఆర్మ్ మీద పడింది. దాన్ని కూడా గుడ్డతో తుడిచి ప్యాడ్ల కోసం అటు తిరిగాను. గాలికి తెల్లటి దుమ్ము లేస్తోంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆర్మ్ మీద దుమ్ము పల్చగా పరుచుకుని ఉంది, ఆ దుమ్ములో, సలీం వాళ్ళు చేసిన వెల్డింగ్ పక్కనే, వెంట్రుకంత నల్లటి గీత ఒకటి తేలి ఉంది.

చేతిలోని ప్యాడ్లు అక్కడే పడేసి వంగి చూశాను! ఎందుకంటే అలాంటి గీత గురించి నేను పుస్తకంలో చదివాను. కంటికి కనబడని పగులును పట్టుకోవడానికి పాతకాలం పనివాళ్ళు ఇనుముకు నూనె రాసి, తుడిచి, సుద్దపొడి చల్లేవారట. పగుల్లోకి దిగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లటి పొడిలో గీతై కనబడుతుందట. మార్తమ్మగారు నూనె రాశారు, నేను తుడిచాను, దేవుడు గాలితో పొడి చల్లాడు!

ఆ పగులు ఎంత దూరం పోయిందో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. రఫీక్ భాయ్ రాలేదు, ఆయనకు శుక్రవారం జుమ్మా నమాజు ఉంటుంది. సలీంకు అది చూసినా అర్థం కాదు. "ఏమైంది ఉస్తాద్?" అని అడుగుతున్నాడు. నేను నేల మీద మోకరించాను. వచ్చిన ప్రార్థన ఇంతే: "తండ్రీ, ఈ బిడ్డ ఒక తల్లికి కొడుకు. నా వణుకు నువ్వు తీసినా తీయకపోయినా నేను కిందికి వెళ్తున్నాను, నాతో రా."

వెళ్ళాను. వెల్లకిలా పడుకుని వీపుతో పాక్కుంటూ వెళ్ళాను. గీత ఆర్మ్ అడుగున సగం పైగా చుట్టి ఉంది. మొదటి గట్టి మలుపులోనే విరిగి, చక్రం ఊడి, బండి గోడకు కొట్టుకునేది! నేను కింద నుంచే అరిచాను: "సలీం, డిక్కీలో పాత ఆర్మ్‌లు ఉన్నాయి, అందుకో!" ఆ బండికే సరిపోయే, కోయని ఆర్మ్‌ల జత ఒకటి స్క్రాపు యార్డులో దొరికితే, విడి భాగాలు అదనంగా ఉంచుకోవాలని పుస్తకం చెప్పింది కదా అని తెచ్చిపెట్టాను. ఒకటి విప్పాను, బిగించాను, రెండో వైపు వెళ్ళాను, అదీ మార్చాను. అప్పుడు సలీం వంగి నా వైపు చూశాడు.

"ఉస్తాద్, నువ్వు కింద ఉన్నావు."

"ఉన్నాను, స్పానరు అందుకో."

"అది కాదు ఉస్తాద్. నువ్వు కింద ఉన్నావు!"

అప్పుడు చూసుకున్నాను నా చేతులు. నిలకడగా ఉన్నాయి! హల్లెలూయా! గొంతు పూడుకుపోలేదు, చెమట పట్టింది గాని అది ఒమాన్ చెమటే, భయం చెమట కాదు. అక్కడే బండి కింద పడుకుని ఏడ్చాను. సలీం నీళ్ళ సీసా లోపలికి తోశాడు.

నాలుగు చక్రాలకూ ప్యాడ్లు మార్చాం, దారం కట్టి చక్రాలు మళ్ళీ కొలిచాం, మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆఖరి వంతులో సలీం ట్రాక్ మీదికి వెళ్ళాడు. నేను గోడ పక్కన నిలబడి చూశాను. ఖరీదైన బండ్ల వాళ్ళు మలుపు ఇంకా దూరం ఉండగానే బ్రేకు వేస్తుంటే, మా స్క్రాపు యార్డు బండి వాళ్ళను దాటుకుంటూ మలుపు దాకా వెళ్ళి, ఆగాల్సిన చోట ఆగి, పట్టాల మీద తిరిగినట్టు తిరిగి వెళ్ళిపోతోంది! చుట్టు తరవాత చుట్టు, పెడలు ఒక్కసారి కూడా మెత్తబడలేదు. బండి ఆగాక ఆ ఖరీదైన బండ్ల వాళ్ళు వచ్చి వంగి వంగి చూసి, "దీన్ని ఎవరు చేశారు?" అని అడిగారు. సలీం నన్ను ముందుకు తోసి, "మా ఉస్తాద్, లైబ్రరీలో చదివాడు," అన్నాడు. నాకు గర్వంగా ఉంది, దాచుకోను. ఆ గర్వాన్ని ఇవాళ మీ మధ్య ప్రభువు పాదాల దగ్గర పెడుతున్నాను, ఎందుకంటే పుస్తకాన్ని నా చేతికి ఇచ్చింది ఆయనే, చేతిని నాకు తిరిగి ఇచ్చింది కూడా ఆయనే!

మేనేజరు నన్ను కౌంటరు నుంచి లేపి మళ్ళీ మెకానిక్ పనిలో పెట్టాడు, వీసా రెన్యువల్ అయింది. మార్తమ్మగారికి సంగతంతా చెబితే ముందు నోరు నొక్కుకున్నారు, తరవాత, "అయితే దేవుడు నా చేత సరైన చోటే రాయించాడన్నమాట! ఈసారి మాత్రం ఎక్కడ రాయాలో నువ్వే చూపించు బాబూ," అన్నారు. బానెట్ చూపించాను.

ప్రియులారా, మీలో ఎవరినైనా ఒక భయం నేలకు నొక్కి పట్టి ఉంటే, వణుకు తగ్గాక అడుగు వేద్దామని ఆగకండి. వణుకుతూనే ఆయన పేరు పిలిచి అడుగు వేయండి, ఆయన మీకంటే ముందే అక్కడ ఉంటాడు. నమ్మకం కలగకపోతే అజైబాకు రండి. మా వర్క్‌షాపులో నా ముఖం మీకు వెంటనే కనబడదు, ఏదో ఒక బండి కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం కనబడతాయి. ఆ కాళ్ళే నా సాక్ష్యం. మహిమంతా దేవునికే, ఆమేన్!